భోజనాల బల్ల మీద యుద్ధనౌక

మా మావయ్యగారు విశాఖపట్నంలో ఓడలు కట్టే యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. ఐర్లండులో, లిమరిక్‌లోని మా ఇంటికి ఆయన వచ్చిన మొదటి వారమంతా వానే. ఆయన విసుగు చూడలేక ఒక ప్లాస్టిక్ ఓడ కిట్టు తెప్పించాను. జపాన్ వాళ్ల కొత్త ఫ్రిగేట్ యుద్ధనౌక. మూరెడు లోపు పొడవు, లెక్కలేనన్ని ముక్కలు.

పెట్టె మీది బొమ్మను ఆయన చాలాసేపు చూశారు. గోడలన్నీ లోపలికి వాలి, పైన ఏమీ లేకుండా ఇంత నున్నటి ఓడను ఎన్నడూ చూడలేదట. రాడార్‌కి దొరక్కూడదని అలా కడతారని చెప్పాను.

"రాడారు సంగతి సరే బాబూ, మా అమ్మాయికి దొరక్కుండా ఎక్కడ కడదామంటారు?" అన్నారు.

చివరికి మా భోజనాల బల్లే యార్డయింది. కంచాలు ఒళ్లో పెట్టుకుని సోఫాలో తినడం అలవాటు చేసుకున్నాం. అసలు యార్డులో లాగా భాగాలు విడివిడిగా తయారుచేసి తరవాత అతకాలని ఆయన పట్టు. నేను జిగురు ఎక్కువ రాస్తే గీకించి మళ్లీ రాయించేవారు. ఆఫీసులో మా మేనేజరు కూడా నన్నలా నిలబెట్టలేదు.

మూడో వారం మా ఆవిడ, ఆదివారం చుట్టాలొస్తున్నారు, బల్ల ఖాళీ చేయమంది. దాంతో శనివారమే జలప్రవేశం పెట్టుకున్నాం. మావయ్యగారు పెరటి మెట్టు మీద కొబ్బరికాయ కొట్టి, స్నానాల తొట్టెలో ఓడను వదిలారు.

అది మెల్లగా పక్కకు ఒరిగి పడుకుంది.

బొమ్మే కదా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన తొట్టె అంచున కూర్చుని, "నా చెయ్యి పడిన ఓడ ఏదీ ఇలా ఒరగలేదు" అన్నారు. ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు.

సాయంత్రం పక్కింటి పెద్దాయనకి విషయం చెప్పాను. షానన్ నదిలో చేపలు పట్టడం ఆయన వ్యాపకం. గాలానికి కట్టే సీసపు గుండ్లు గుప్పెడు తెచ్చి, "షీ విల్ బి గ్రాండ్" అన్నాడు. దానర్థం ఏమిటని మావయ్యగారు అడిగారు. ఓడ బాగానే ఉంటుందని, అని చెప్పాను. ఎంత బరువు, ఎక్కడ పెట్టాలి అని చెప్పడా అని ఆయన సందేహం.

ఇద్దరూ డెక్కు ఊడదీశారు. ఒకరి భాష ఒకరికి రాదు. అడుగున గుండ్లు అతికించి నీళ్లలో వదిలితే ఓడ నిటారుగా నిలిచింది. మావయ్యగారు వేలితో నాలుగుసార్లు వంచి చూశారు. ప్రతిసారీ లేచింది. పెద్దాయన సంతోషపడి మర్నాడు మమ్మల్ని తన పడవలో రమ్మన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అన్ని ఓడలు కట్టిన మనిషి ఒక్కసారి కూడా పడవెక్కలేదు.

"కట్టడం మన పని. ఎక్కడం వేరేవాళ్ల పని" అన్నారు, కొంచెం సిగ్గుపడుతూ.

మర్నాడు వాన లేదు. చుట్టాల్ని మా ఆవిడకి వదిలేసి వెళ్లాం. లైఫ్ జాకెట్ తొడుక్కుని మావయ్యగారు పడవ అంచులు తడిమి చూశారు. ఎక్కడా వెల్డింగ్ లేదని తెలిసి గట్టిగా పట్టుకున్నారు. నది మధ్యకు వెళ్లాక చెయ్యి వదిలి, నీళ్లను తాకి, అలలను చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి యార్డులోని పాత స్నేహితుడికి ఫోన్ చేశారు. "నిన్న జపాను ఓడొకటి దింపాం. ఇవాళ నీళ్ల మీదికెళ్లొచ్చాను" అని చెప్పారు. దింపిన ఓడ మీదే వెళ్లొచ్చారనుకున్నాడు అవతలాయన. మేమెవరమూ దిద్దలేదు.