మా నాయన మందుల సంచి

మా నాయన దినాలు అయిపోయిన సాయంత్రం చిన్నాయన మా అల్మారాలోంచి ఆ సంచి తీసుకుపోయాడు. "అద్దం ఫ్రేము కట్టిచ్చి ఇస్త బిడ్డా. గిట్ల పడేస్తె చెదలు పడ్తది" అన్నాడు. దుఃఖంలో ఉన్నాను, సరేనన్నాను.

అది ఖాకీ గుడ్డ సంచి. పైన తెల్లటి గుండ్రం, అందులో ఎర్ర శిలువ గుర్తు. మా నాయన వైమానిక దళంలో ఫ్లైట్ ఇంజనీరు. బంగ్లాదేశ్ యుద్ధంలో సామాను మోసే విమానంలో ఆయన సీటు వెనక ఆ సంచి వేలాడుతుండేది. దూది కట్లు, కత్తెర, కాలిన గాయాల మందు, నెత్తురు ఆపే రబ్బరు పట్టీ, నొప్పికి సూదిమందు ఉండేవి అందులో. ఒకనాడు కింది నుంచి వచ్చిన తూటా విమానం అడుగును చీల్చుకొని కోపైలట్ పిక్కలో దిగింది. మా నాయన ఊగిపోతున్న విమానంలో మోకాళ్ళ మీద కూర్చుని తొడకు పట్టీ బిగించి, గాయం మీద కట్టు పెట్టి, దిగేదాకా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడట. ఆ కోపైలట్ బతికాడు. తర్వాత ఆ విమానాన్ని పక్కన పెట్టేసినప్పుడు తోటివాళ్ళు సంచిని మా నాయనకే ఇచ్చేశారు. ఈ సంగతి నాయన ఎన్నడూ చెప్పుకోలేదు. ఏటా దసరాకు మా ఇంటికి వచ్చే ఆ కోపైలటే చెప్పాడు.

చిన్నాయన కూడా వైమానిక దళంలోనే చేశాడు. కానీ స్టోరులో, దుప్పట్లూ బూట్లూ ఇచ్చే పని. యుద్ధమప్పుడు ఆయన విమానమే ఎక్కలేదు; ఈ సంగతి దళంలో విన్నాడంతే, ఆ కోపైలట్‌ను ఎన్నడూ చూడలేదు.

రెండేళ్ళు అడిగాను. "ఫ్రేము పని అయితలేదు బిడ్డా" అనేవాడు. ఒకరోజు అబిడ్స్‌లోని నా కళ్ళజోళ్ళ షాపుకు వచ్చిన ఒకావిడ ఫోనులో వీడియో చూపించి, "ఈయన మీ చిన్నాయనే గదా? మా పిల్లల బడికొచ్చిండు" అంది. సంచి పట్టుకొని చిన్నాయన చెబుతున్నాడు: "గీ చేతుల్తోనే కట్టు కట్టిన. నెత్తురు ఆగలే. నేను ఇడువలే."

ఆ చేతులు మా నాయనవి. నా ఒళ్ళు మండిపోయింది.

ఫోన్ చేసి తిట్టలేదు. ఇంట్లో తిడితే ఇంటి గొడవగానే మిగిలిపోతుంది. నలుగురి ముందు కింద పడాలి ఆయన. అవకాశం ఆయనే తెచ్చాడు. నాంపల్లిలో ఒక హాలులో పెద్దమనుషులు ఆయనకు యుద్ధవీరుడని సన్మానం పెట్టారు. నాయన చెప్పుకోలేదు గనక నాకేమీ తెలియదనుకొని, పిలవడానికి షాపుకు వచ్చాడు.

"నువ్వు ముందు వరుసల కూసోవాలె బిడ్డా."

"తప్పకుంట వస్త చిన్నాయనా. ఇంకొకర్ని గూడ తోల్కొస్త" అన్నాను. చాయ్ తెప్పించాను. ఆయన కళ్ళజోడు వదులైతే స్క్రూ బిగించి, అద్దాలు తుడిచి మరీ ఇచ్చాను.

మరునాడే కోపైలట్ ఇంటికి వెళ్ళాను. ఆయన కోస్తా మనిషి, ముసలాయన, చేతికర్ర. వీడియో రెండుసార్లు చూశాడు.

"నన్నేం చేయమంటావమ్మా?"

"ఒక్క ప్రశ్న అడగండి సార్, చాలు."

సన్మానం రోజు చిన్నాయన మెడలో శాలువా. టేబుల్ మీద సంచి, దానికి బంతిపూల దండ. ఆయన ఒక్కో అబద్ధం చెబుతుంటే, ఇంకొంచెం పైకెక్కు, ఇంకొంచెం పైకి, అనుకుంటూ కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పుడు ముసలాయన కర్ర ఊని లేచాడు. "చిన్న సందేహమండీ. మీరు కట్టు కట్టింది ఏ కాలికి?"

"కుడి కాలుకు" అన్నాడు చిన్నాయన, తడుముకోకుండా.

ముసలాయన వంగి ఎడమ పాంటు పైకి లాగాడు. పిక్కలో సగం కండ లేదు. "ఆ కాలు ఇదండీ. కట్టింది మీ అన్నగారు."

వెనక ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. ముందు వరుసలో చిన్నమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు నాకు తల దువ్విన మనిషి. అది గుచ్చుకుంది. అయినా చిన్నాయన ముఖం మీంచి చూపు తిప్పుకోలేదు.

స్టేజీ ఎక్కి దండ తీసి పక్కన పెట్టి, సంచి భుజానికి వేసుకున్నాను.

"ఇంట్ల అడిగితె ఇయ్యనా బిడ్డా?" అన్నాడు గొంతు తగ్గించి. "గింతమందిల ఇజ్జత్ తీస్తివి."

"ఇంట్ల రెండేండ్లు అడిగిన చిన్నాయనా."

ఇప్పుడు ఆయన ఎక్కడికీ రావడం లేదట. మొన్న పెళ్ళిలో కనబడితే పిల్లలు కూడా "తాతా, ఏ కాలు?" అని ఆటపట్టించారట. విని హాయిగా అనిపించింది నాకు. చిన్నమ్మ ఫోన్ చేసింది: "జర ఒక్కసారి వచ్చి మాట్లాడు బిడ్డా. సరిగ తింటలేడు." ముసలాయన కూడా, "చాల్లేమ్మా, ఇక వదిలెయ్" అన్నాడు.

మా నాయన బతికుంటే ఈపాటికి తమ్ముడింటికి పోయి ఉండేవాడు. నేను పోలేదు.