ఉరుముకు పీకిన ప్లగ్గు

ప్రతి ఉదయం దివ్యపూజ కాగానే ఊరంతా 'మానా' (అక్కా) అని పిలిచే ఇలుమినాదా చర్చి మెట్లూడ్చే ముసలాయనకు వేడి కాఫీ ఇచ్చి, ఆ తర్వాతే చర్చి ఆఫీసు గదిలో కంప్యూటర్ ఆన్ చేసేది. ఫిలిప్పీన్స్‌లోని సామార్ దీవిలో ఉన్న ఆ ఊళ్ళో జ్ఞానస్నానం పొందినవాళ్ళ పేర్లన్నీ అందులోనే ఉన్నాయి. కాగితపు పుస్తకాలను తుఫాను ఏనాడో మింగేసింది.

ఆ రోజు అందులో పాత ఆపరేటింగ్ సిస్టమ్ పోయి కొత్తది ఎక్కుతోంది. మధ్యలో ఆపవద్దని తెరమీద రాసే ఉంది. సగం ఎక్కిందో లేదో, ఆకాశం ఉరిమింది. ఉరిమితే అద్దాలకు దుప్పటి కప్పి ప్లగ్గులన్నీ పీకడం అక్కడ ఇంటింటి అలవాటు. ఆలోచించేలోగానే ఆమె చెయ్యి ఆ పని చేసేసింది.

ప్లగ్గు మళ్ళీ పెడితే నల్లటి తెర, గిర్రున తిరిగే చుక్కలు, ఆరిపోవడం, మళ్ళీ చుక్కలు. జ్ఞానస్నానంతో దేవుడి బిడ్డలైన ఇంతమంది పేర్లు నా చేత్తోనే తుడిచేశానా అనుకుంటూ ఆమె రిపేరుకు కబురు పంపింది.

రిపేర్లు చేసే క్రిస్పులో అనే కుర్రాడు వచ్చి, తన పెన్‌డ్రైవ్ పెట్టి దానితో కంప్యూటర్ తెరిచాడు.

"ఉరుముకు జడిసి ఊరినే ఆర్పేశారు కదా మానా!"

"వేళాకోళం తర్వాత నాయనా, నా ప్రాణం పోతోంది. పేర్లున్నాయా?"

"ఇవిగో, భద్రంగా ఉన్నాయి. ముందు వీటికి కాపీ తీస్తా. ఆ తర్వాతే పాత సిస్టమ్‌కి తిప్పే పని."

పేర్లు కళ్ళారా చూసినా ఆమెకు కంప్యూటర్ మీద నమ్మకం కుదరలేదు. నోటుపుస్తకం తెరిచి కలం పట్టుకుంది.

"ఒక్కోటీ పైకి చదువుతావా? రాసుకుంటాను."

"నాలుగు వేల పేర్లు, మానా!"

"ఈ పూటకి మొదటి పేజీ అయినా చదివిపెట్టు, బాబూ."