వేరుగా ఆరేసిన తువ్వాలు

మొన్న పొద్దున ఛత్రినాకలో మా గల్లీ చివర పాలు పోయించుకుంటుంటే పక్కింటి కోడలు తన కొడుకు మెడ చూపించింది. ముత్యాల్లా మెరిసే చిన్న చిన్న పొక్కులు, ఒక్కోదాని నడుమ సూదిమొనంత గుంట. "అక్కా, మీ బిడ్డకు తగ్గించిన తీపి గోళీల డాక్టర్ సాబ్ ఇంకా ఉన్నరా?" అని అడిగింది. లేరని చెప్పాను. ఇంకేదో చెప్పాలనిపించింది కానీ, గిన్నె పట్టుకుని ఇంట్లోకి వచ్చేశాను.

మా అమ్మాయికి ఇవే పొక్కులు వచ్చినప్పుడు ఐదేళ్లు. నా చంకలో ఏడాది నిండని దాని తమ్ముడు. చర్మం డాక్టరు చూసి, ఇది వైరస్ వల్ల వచ్చింది, ప్రమాదమేమీ లేదు, దానంతటదే పోతుంది, ఏడాది పట్టినా పట్టవచ్చు అన్నాడు. ఏడాదిపాటు ఊరికే చూస్తూ కూర్చోమంటే ఏ తల్లికి చేతనవుతుంది? అందుకే ఫలక్‌నుమా స్టేషను దగ్గర హోమియో వైద్యం చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పొక్కుల సంగతి వదిలేసి, దీనికి పులుపిష్టమా తీపిష్టమా, చీకటంటే భయమా అని పెళ్లిసంబంధానికి వచ్చినట్టు అరగంట ఆరా తీశారు. చివరికి తెల్లటి గోళీలిచ్చి, "బిడ్డ తువాల వేరే పెట్టు తల్లీ. గోకనియ్యకు. ఫికర్ చెయ్యకు" అన్నారు. మా అత్తమ్మకు నమ్మకం కుదరలేదు. "చక్కెర గోళీలకే రోగం పోతే మిఠాయి దుకాణమోడు ఎప్పుడో పెద్ద డాక్టర్ అయితుండె" అనేది. అంటూనే మూడు పూటలా మరిచిపోకుండా నాలుక మీద వేసేది ఆవిడే.

ఫికర్ చెయ్యకుండా ఉండడం నాకు చేతకాలేదు. తువ్వాలుతో మొదలుపెట్టాను. తర్వాత దిండు, కంచం, చాప. చంటివాడికి అంటుకుంటుందని పాపను అత్తమ్మ పక్కన పడుకోబెట్టాను. స్కూలు నుంచి పరిగెత్తుకొచ్చి మీద పడబోతే "ఆగు, ముట్టుకోకు" అనేదాన్ని. ప్రేమ లేక కాదు, ఒట్టు, భయం. రెండు నెలలు తిరిగేసరికి అది తనే గడప దగ్గర ఆగడం నేర్చుకుంది. బుద్ధిమంతురాలైందని మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మళ్లీ మందుకు వెళ్లినప్పుడు అది నా పక్కన కాకుండా బల్ల చివరికి జరిగి కూర్చుంది. పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసుకుని దాన్నీ నన్నూ చూశారు.

"నేను తువాల వేరే పెట్టమన్న తల్లీ, బిడ్డను కాదు."

అక్కడే ఏడ్చేశాను. ఆటోలో దాన్ని ఒళ్లోకి లాక్కుంటే కర్రలా బిగుసుకుపోయి, "వద్దమ్మా, తమ్మునికి అంటుకుంటది" అంది.

ఎండాకాలానికి పొక్కులన్నీ పోయాయి, మచ్చ కూడా మిగల్లేదు. గోళీల వల్లో, నెలలు గడిచినందువల్లో నాకిప్పటికీ తెలియదు. అత్తమ్మ మాత్రం రెండింటినీ కాదని ఆషాఢంలో అమ్మవారికి బోనం చేసింది. పాప అప్పటికీ నా దగ్గరికి వచ్చేముందు చేతులు వెనక్కి పెట్టుకుని "ముట్టుకోవచ్చా?" అని అడిగేది. ఆ అడగడం మానడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడది డిగ్రీ చదువుతోంది. నిన్న ఈ మాట ఎత్తితే, "గట్లెప్పుడడిగిన నేను? నీకే ఏదో యాదికొస్తది" అని నవ్వేసింది. పిల్లలు మరిచిపోయిన ఏళ్లు తల్లుల దగ్గరే ఉండిపోతాయి.