ఫిల్టర్ అడుగున నీళ్లు

ధూళిమిట్ట కర్ణాకర్ ఏళ్ల తరబడి కిరాయి లారీలు తోలి, ఆఖరికి ఒక పాత బండిని సొంతం చేసుకున్నాడు. ఆ వానకాలం ముసురు పట్టి బండి ఇంటి ముందే నిలిచిపోయింది. డీజిల్ ట్యాంకు మూతలో రబ్బరు చీలి వాననీళ్లు దిగుతున్న సంగతి అతను గమనించలేదు.

ఒకరోజు పొద్దున్నే భార్య ఎస్తేర్‌కు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. అంబులెన్సు వేరే ఊరికి పోయింది, ఆలస్యమవుతుందన్నారు. కర్ణాకర్ ఆమెను లారీలోనే పడుకోబెట్టి సిద్దిపేట దవాఖానకు బయలుదేరాడు.

ఊరు దాటి ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ దగ్గింది. తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. దిగి, డీజిల్ ఫిల్టర్ కింది బోల్టు వదులు చేసి, మంచినీళ్ల సీసా ఒంపేసి దాని కింద పట్టాడు. అడుగున నీళ్లు, పైన సన్నటి డీజిల్ తెట్టు. పారబోసి మళ్లీ పట్టాడు. మళ్లీ నీళ్లే. వాన లోపల పడకుండా వీపు అడ్డం పెట్టి, ఉత్త డీజిల్ వచ్చేదాకా తీశాడు. తర్వాత డీజిల్ గొట్టంలో చేరిన గాలి పోయేదాకా ఇంజన్ పక్కనున్న చిన్న చేతిపంపు కొట్టాడు.

"అయితుందా?" అని ఎస్తేర్ పైనుంచి అడిగింది.

"అయిపోయింది, ఇగ కదులుతది" అన్నాడు. ఆమె రెండోసారి అడిగినా అదే చెప్పాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు.

దవాఖానలో పుట్టిన మగబిడ్డ ఏడవలేదు.

ఆనాటి నుంచి కర్ణాకర్ మాట తగ్గింది. మూత కొత్తది వేయించాడు. అయినా రోజూ బండి తీసే ముందు ఫిల్టర్‌లోంచి డీజిల్ పట్టి, వెలుగుకు ఎత్తి చూసేవాడు. మండుటెండల్లోనూ మానలేదు. పిచ్చి పట్టిందని తల్లి లచ్చవ్వ కుమిలిపోయేది.

ఒక ఉదయం ఎస్తేర్ బండి దగ్గరికి వచ్చింది. నీళ్లున్నాయా అని అడిగితే లేవని తల ఊపాడు.

"ఆ దినం మనం బయలెల్లక ముందే బిడ్డ కదలుడు ఆపిండు" అంది మెల్లగా. "నాకు ఎరుకైంది. చెప్తే నీకు చేతులాడవని ఊకున్న. తర్వాత చెప్దామంటే నోరు రాలే."

కర్ణాకర్ చేతిలోని సీసా కింద పెట్టాడు.

"ఇన్ని దినాలు ఒక్కదానివే మోసినవా?" అని అడిగాడు.

ఆమె లారీ మెట్టు మీద కూర్చుంది. బిడ్డను మట్టిలో పెట్టిన రోజు కూడా ఏడవని మనిషి, ఆమె పక్కనే కూలబడి ఏడ్చాడు. కిరాయికి పిలుస్తూ ఫోన్ మోగుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.