నీలిమందు కలిసిన ఖాకీ

కలకత్తాలో ఉంటూ మట్టిని సీసాల్లో కొనుక్కునే మనుషులను ఎక్కడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, నాలుగేళ్ళు వాళ్ళలో ఒకదాన్నయి తిరిగాను. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులను ముక్కలుగా తెప్పించుకుని, అతికించి, రంగులు వేసి, బల్ల మీద బారులు తీర్చి, పాచికలు వేస్తూ యుద్ధాలు ఆడుకునే క్లబ్బు మాది. పన్నెండు మందిమి. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే, తెలుగుదాన్నీ నేనొక్కదాన్నే. నెలకో ఆదివారం సాల్ట్ లేక్‌లో క్లబ్బు పెద్దాయన ఇంట్లో కలిసేవాళ్ళం. ఆయన రిటైరైన ఇంజనీరు, మా అందరికీ దాదా, అంటే అన్నగారు.

ఈ సైనికులకు రంగు వేసి ఊరుకుంటే సరిపోదు. కొత్తగా మెరుస్తుంటే బొమ్మల్లా ఉంటాయట. (బొమ్మలు కాక మరేమిటో!) అందుకని రంగు ఆరాక వాటిని పనిగట్టుకుని పాడు చెయ్యాలి. స్పాంజి ముక్కతో అద్ది కవచాలు పెచ్చులూడినట్టు చెయ్యాలి, తుప్పు కారినట్టు గీతలు గీయాలి, మోకాళ్ళ దాకా బురద పూయాలి. దీనికోసం విదేశాల నుంచి పౌడర్లు వస్తాయి. ఎండిన మట్టి ఒక సీసా, తడి మట్టి ఒక సీసా, ఫలానా దేశపు మట్టి ఇంకో సీసా. దాదా ఒక సీసా మూత తీసి, వెలుతురులో పట్టుకుని చూసి, "ఆహా, బురదంటే ఇదీ" అనేవాడు. ఆయన వీధి మొదట్లో వాన నీళ్ళు నిలిచిన రోజున మాత్రం సమావేశం రద్దు. పాలరాతి గచ్చు పాడవుతుందని. వానలేని రోజుల్లో కూడా చెప్పులు గేటు బయటే విప్పాలి.

కలకత్తాలో తెలుగువాళ్ళు రెండు రకాలు. బదిలీల మీద వచ్చే బ్యాంకు ఆఫీసర్లు, ప్రొఫెసర్లు ఒక రకం. ఏనాడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్ పనుల్లో కుదురుకున్నవాళ్ళ పిల్లలూ మనవలూ రెండో రకం. నేను ఈ రెండో రకం. మా నాన్న డ్రైనేజీ గ్యాంగులో పని చేశాడు. వీధి కింద మురుగు కాలువ పూడిపోతే అందులోకి దిగి, వెదురు బద్దలతో పొడిచి, బకెట్లతో తోడిపోసే గ్యాంగు అది. నేను సెక్టర్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చుకున్నాక లేబర్ క్వార్టర్ వదిలి భవానీపూర్‌లో రెండు గదుల ఇంటికి మారాం. ఆ ఇంట్లో నాన్న ఏడాదే ఉన్నాడు. తర్వాత అమ్మా నేనూ మిగిలాం.

క్లబ్బులో చేరిన రోజే దాదా "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగాడు. "కార్పొరేషన్‌లో, డ్రైనేజీలో" అన్నాను. "ఓహో, ఇంజనీరన్నమాట!" అని ఆయనే తేల్చేశాడు. ఆయనకు తెలిసిన తెలుగువాళ్ళందరూ ఆఫీసర్లే మరి. నేను కాదనలేదు. ఆ రోజే కాదు, నాలుగేళ్ళూ నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని కూర్చున్నాను. ఒకరిద్దరు నన్ను "ఇంజనీరు గారి అమ్మాయి" అని కూడా పరిచయం చేశారు, నేను పళ్ళికిలించాను.

కిందటేడు క్లబ్బులో ఒక పోటీ పెట్టారు. ఎవరి సైన్యానికి వాళ్ళే సొంతంగా రంగులు కల్పించాలి. అది ఎవరి సైన్యమో, ఎక్కడిదో కార్డు మీద నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాసి ముందు పెట్టాలి. గెలిచిన సైన్యం ఏడాది పొడుగునా దాదా హాల్లో, గాజు బీరువాలో ఉంటుంది.

ఆ బీరువా నాకు కావాలనిపించింది. నాన్నను వాళ్ళ హాల్లో నిలబెట్టాలి, వచ్చినవాళ్ళందరూ వంగి వంగి చూస్తూ మెచ్చుకోవాలి, నేను లోలోపల నవ్వుకోవాలి. ఎంత గొప్ప ధైర్యమో చూడండి! ఎవరికీ తెలియకుండా చేసే ధైర్యం.

నాన్న యూనిఫాం ఖాకీ. అయితే అది కొట్లో తానుగా దొరికే ఖాకీ కాదు, ఉతికి ఉతికి కాస్త ఆకుపచ్చగా తిరిగిన ఖాకీ. ఆ రంగు ఏ సీసాలోనూ లేదు. మిఠాయి డబ్బా మూతలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు కలుపుతూ కూర్చున్నాను. ఆకుపచ్చ కలిపితే మిలిటరీవాడయ్యాడు. బూడిద రంగు కలిపితే పోస్ట్‌మన్ అయ్యాడు. ఏడోసారి, సూదిమొనంత నీలం పడ్డాక, నాన్న చొక్కా వచ్చేసింది. బటర్ పేపర్ ముక్క మీద రూపాయి బిళ్ళంత రంగు చూసి ఏడ్చాను. ఇరవై మంది సైనికులకూ ఆ రంగే వేసి, పైన వార్నిష్ పూశాను.

ఇక మురికి. మిగతావాళ్ళు పుస్తకాలు చూసి మురికి చేస్తారు, నాకు ఆ ఖర్మ లేదు. సాయంత్రం పూట మా క్వార్టర్ గుమ్మంలో నిలబడిన మనిషిని తలుచుకుంటే చాలు. మోకాళ్ళ కింద నల్లటి జిగట, అది ఆరినచోట బూడిద తెలుపు. నడుం దగ్గర నీళ్ళ మట్టం గీత. కుడి భుజం మీద వెదురు బద్దలు మోసిన మరక. పౌడర్లు కలిపి, ముద్ద చేసి, ఒక్కో సైనికుడికి వెంట్రుకంత కుంచెతో అద్దాను. ఎంత బాగా కుదిరిందంటే, నాకే ముక్కు మూసుకోవాలనిపించింది. పైన ఇంకో పూత వేద్దాంలే అని పౌడరు నిలవడానికి వేసే ఆఖరి మందు వెయ్యకుండా ఆపాను.

చివరికి కార్డు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాసిందేమిటంటే: "ఇది ఎడారి రాజ్యపు సరిహద్దు దళం. నీటి సొరంగాలను కాపాడటం వీరి వంశపారంపర్య వృత్తి." వంశపారంపర్య వృత్తి! సిగ్గు లేని నా చెయ్యి ఆ మాట ఎలా రాసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

పోటీ ఆదివారం సాయంత్రం. ఆ పొద్దున చేపల కోసం మార్కెట్టుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి, బాల్కనీలో గామ్ఛా తువ్వాలు పరిచి ఉంది. దాని మీద నా సైనికులు ఇరవై మందీ వరసగా పడుకుని ఎండకు ఆరుతున్నారు. పక్కన బకెట్లో నల్లటి నీళ్ళు, సబ్బుబిళ్ళ, పాత టూత్‌బ్రష్. అమ్మ చేతులు తుడుచుకుంటోంది.

చేతిలో చేపల సంచీ అక్కడే వదిలేశాను. "ఏటి సేసినావమ్మా!"

"ఏటి సేసినాను? మురికోడుతున్నాయి, కడిగినాను."

"నాలుగు నెల్ల పనమ్మా అది!"

"మురికి సెయ్యడానికి నాలుగు నెల్లా? ఓలమ్మో! మీ నాన్న ఒక్క పూటలో సేసుకొచ్చీవోడు."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నీకేమీ తెలియదన్నాను, నా వస్తువులు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానన్నాను, ఇంకా అనకూడనివి కూడా అన్నాను. అమ్మ అన్నీ విని, ఒక సైనికుణ్ణి తీసి నా మొహం ముందు పెట్టింది. పౌడరంతా పోయింది. కింద వార్నిష్ ఉండబట్టి ఖాకీ మాత్రం చెక్కు చెదరలేదు.

"ఈ రంగు మీ నాన్న గుడ్డల్ది. నాకు తెల్దనుకున్నావేటి? బజార్లో దొరికీ రంగు కాదిది. నాను నీలిమందు ఎక్కువేసీదాన్ని, అందుకే ఇలాగ తిరిగింది. సంటిపిల్లవి, నీకేటి గుర్తుంటాది అనుకున్నాను. గుర్తెట్టుకున్నావు, మంచిదే. మరి ఈ మురికేటే?"

"పనిలో ఉన్నట్టు సేసినానమ్మా. అలాగే రావాలి."

"మీ నాన్న ఇంట్లోంచి ఎప్పుడైనా ఇలాగ ఎల్నాడా? నాను పంపినానా?" అమ్మ గొంతు పెరిగింది. "ఎంత ఉతికినా ఇస్తిరీ బండోడు మన గుడ్డలు ముట్టుకునీవోడు కాడు. అందుకే బొగ్గుల ఇస్తిరి పెట్టి కొనుక్కున్నాను. గంజెట్టి, మడతెట్టి, పెళ్ళికెల్లీవోడి నాగ పంపీదాన్ని. ఒచ్చినప్పుడు ఎలాగుంటాడో వీధిలోవోళ్ళంతా సూసీవోరు. ఎల్లినప్పుడు ఎలాగున్నాడో ఎవుడు సూసినాడే? నువ్వూ సూడనేదేటి?"

నాన్న ఆరు గంటలకే వెళ్ళిపోయేవాడు, అప్పటికి నేను లేచేదాన్ని కాదు. నా గొప్ప జ్ఞాపకమంతా సాయంత్రపుది. ఉదయమంతా అమ్మది.

మళ్ళీ మురికి చెయ్యడానికి టైము లేదు. ఉన్నా చేసేదాన్ని కాదేమో, తెలియదు. అమ్మ మాత్రం తానూ వస్తానంది. "మీ నాన్నోళ్ళని ఎక్కడ నిలబెడతన్నావో నాను సూడాల" అని జరీ అంచు చీర కట్టుకుంది. వద్దనడానికి ఒక్క కారణమూ దొరకలేదు, అసలు కారణం బయటికి చెప్పేది కాదు. కార్డు బ్యాగులో ఉంది. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. ఛీ, నేను దాని మీదే ధైర్యం పెట్టుకున్నాను. బస్సులో డబ్బా అమ్మ ఒళ్ళో ఉంది. ప్రతి గతుకు దగ్గరా రెండు చేతులా పట్టుకుంది.

దాదా హాల్లో బల్ల నిండా సైన్యాలు. ఎంత మురికి, ఎంత తుప్పు! ఒకాయనైతే సైనికుల బూట్లకు నిజం పేడ అంటినట్టే చేశాడు, అందరూ చుట్టూ మూగి అబ్బురపడుతున్నారు. నా ఇరవై మంది మాత్రం స్కూలుకు తయారైన పిల్లల్లా శుభ్రంగా నిలబడ్డారు. దాదా మా దగ్గరికొచ్చి అమ్మకు నమస్కారం పెట్టాడు, ఇంజనీరు గారి భార్యకు పెట్టే నమస్కారం. తర్వాత ఒక సైనికుణ్ణి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"రంగు అద్భుతం. ఈ ఖాకీ ఎలా సాధించావమ్మాయ్? కానీ మురికేదీ? మురికి లేకపోతే మనిషి పని చేసినట్టు ఎలా తెలుస్తుంది?" అని బెంగాలీలో అంటూ, కార్డు ఎత్తి ఇంగ్లీషులో పైకి చదివాడు.

"ఏటి రాసినావే?" అమ్మ అడిగింది.

"నాన్న గేంగు అని రాసినానమ్మా" అన్నాను. కార్డు మీద ఇంగ్లీషులో ఒకటి, నోటితో తెలుగులో ఒకటి, రెండు అబద్ధాలు. అంత తేలిగ్గా వచ్చాయి.

అమ్మ మొహం వెలిగిపోయింది. కలకత్తాలో పుట్టిన మనిషి, బెంగాలీ నాకంటే బాగా మాట్లాడుతుంది. దాదా వైపు తిరిగి, "ఔను దాదా, ఇది మా ఆయన గ్యాంగు. కార్పొరేషన్ మురుగు కాలవల్లో దిగేవాళ్ళు. ఇది వాళ్ళ యూనిఫాం రంగే. పనికి వెళ్ళేటప్పుడు ఇలాగే ఉండేవాళ్ళు, మురికి వచ్చేటప్పుడు" అంది.

దాదా కార్డు చూశాడు, నన్ను చూశాడు. చేతిలో సైనికుణ్ణి బల్ల మీద పెట్టేశాడు. జేబులోంచి రుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ విడిగా. కావాలని చేశాడని కూడా అనలేను, చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్ళింది. నాలుగేళ్ళుగా బురద గురించి పాఠాలు చెప్పిన మనిషి! ఆ బల్ల మీద సబ్బుతో కడిగిన సైన్యం మాదొక్కటే. నా ఒళ్ళు భగ్గుమంది. కానీ ఆయన్ని ఏ మొహం పెట్టుకుని అడగను? ఎడారి, సొరంగాలు అని రాసి నేను ముందే తుడిచేసుకున్నాను.

అమ్మ ఆ రుమాలు చూసింది. వంకరగా ఉన్న సైనికుణ్ణి సరిచేసి వరసలో నిలబెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, తెలుగులో, మెల్లగా అడిగింది.

"ఆ కాయితం మీద ఏటి రాసినావో నిజం సెప్పు."

చెప్పాను. ఎడారి దగ్గర్నుంచి వంశపారంపర్య వృత్తి దాకా, ప్రతి మాటా తెలుగులో.

"ఎడారేటే? మీ నాన్న ఎడారెప్పుడు సూసినాడు?"

బ్యాగులోంచి పెన్ను తీశాను. పదకొండు మంది చూస్తుండగా కార్డు మీద ఉన్నదంతా కొట్టేసి, కింద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులోనూ, దాని కింద తెలుగులోనూ రాశాను. ఒక్కో మాటా రాస్తూ అమ్మకు వినిపించాను. కార్పొరేషన్ డ్రైనేజీ లేబర్. నాలుగో గ్యాంగు. పొద్దుటి డ్యూటీకి బయల్దేరినప్పుడు.

"నాలుగో గేంగేటి? నాలుగో గేంగోళ్ళు చెత్త బళ్ళోళ్ళు. మీ నాన్నది రెండో గేంగు," అంది అమ్మ. "ముప్పై ఏళ్ళు సేసినాడు. అదీ తెల్దేటే నీకు?"

తెలియదు. నాలుగు కొట్టేసి రెండు వేశాను.