చేపకు ఇల్లు చూసిన బాబాయి

మా బాబాయికి ఒక్కటే జబ్బు. ఎవరికి ఏది కొనాలన్నా ముందు తను అందులో దూరి, ఉండి చూస్తాడు. కుర్చీలో కూర్చుని చూడటం, మంచం మీద పడుకుని చూడటం లోకంలో అందరూ చేసేదే. బాబాయి అక్కడితో ఆగే రకం కాదు. "ఉండి చూస్తే కదా తెలిసేది!" అన్నాడంటే ఇక ఆయన్ను ఆపడం ఎవరి తరమూ కాదు.

నేను పుట్టినప్పుడు ఉయ్యాల కొనడానికి వెళ్లి అందులో పడుకున్నాడట. పడుకోవడం వరకూ బాగానే పడుకున్నాడు. లేవడమే కుదరలేదు. దుకాణంవాళ్లు మరలు విప్పి, ఉయ్యాలను ఊడదీసి, బాబాయిని బయటికి తీశారు. బయటపడ్డాక ఆయన అన్న మొదటి మాట, "తలవైపు గాలి ఆడటం లేదండీ, ఇంకోటి చూపించండి."

పిన్ని కుక్కను తెచ్చుకున్నప్పుడు దాని గూట్లో ఒక మధ్యాహ్నమంతా గడిపాడు. కుక్క బయట కూర్చుని ఆయన్నే అనుమానంగా చూస్తోంది. అంతలో పోస్ట్‌మ్యాన్ గేటు తీశాడు. కుక్క మొరగలేదు గానీ గూట్లోంచి బాబాయి తల బయటపెట్టి, "ఎవరికండీ?" అని మర్యాదగా అడిగాడు. ఆ తర్వాత చాలాకాలం వాళ్ల ఉత్తరాలన్నీ ఎదురింట్లో ఇచ్చి పోయేవాడు ఆ పోస్ట్‌మ్యాన్.

"పెళ్లికి ముందు నాకూ ఆ అవకాశం ఇచ్చుంటే బాగుండేది" అంటుంది పిన్ని. "ఓ నాలుగు రోజులు ఉండి చూసి, అప్పుడు చెప్పేదాన్ని."

బాబాయి పని పాత సోఫాలకు కొత్త గుడ్డ వేయడం. పనయ్యాక ఒక సిల్కు పీలికను సోఫా చేతుల మీదా అంచుల మీదా మెల్లగా జారుస్తాడు. ఎక్కడైనా దారం పట్టుకుందంటే అక్కడ మేకు తల గానీ చెక్క పేడు గానీ పొంచి ఉన్నట్టే లెక్క. ఆ పీలిక ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని జేబురుమాలు అనుకుంటారు. జలుబు చేసినప్పుడు బాబాయి కూడా అలాగే అనుకుంటాడని పిన్ని ఆరోపణ.

ఇక నా సంగతి. చదువు అవగానే నాకు పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మా ఊరికి దూరం. బాబాయివాళ్లు ఆ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్లింట్లో ఉండమని అమ్మ పోరింది. నేను ససేమిరా అన్నాను. "నేనొక్కదాన్నే ఉంటాను. నా బతుకు నేను బతకగలను" అని పెద్ద ఉపన్యాసం ఇచ్చి, దొరికిన మొదటి గదిలో దిగాను. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. తలుపు తెరిస్తే లిఫ్టు. గదిలో నేను ఇటునుంచి అటు తిరగాలంటే ముందు కుర్చీని మంచం మీదికి ఎక్కించాలి. పగలంతా ఊళ్లోవాళ్ల నవ్వులు తయారుచేసి, సాయంత్రం గదికొచ్చి నా నవ్వు ఎక్కడ పెట్టానో వెతుక్కునేదాన్ని. ఎవరు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగినా మాత్రం ఒక్కటే జవాబు. "బాగుంది."

ల్యాబులో నాతో పనిచేసే ఆవిడ ఉద్యోగం మానేసి వెళ్తూ తన బెట్టా చేపను నా చేతిలో పెట్టింది. ఫైటర్ అంటారే, ఆ చేప. నీలం రంగు, నేల మీద జీరాడే పట్టు అంగీలాంటి రెక్కలు. ఆ దర్జా చూసి దొరవారు అని పేరు పెట్టాను. అంతటి దొరవారూ ఉండేది ఒక గాజు సీసాలో. నా గదికొచ్చిన కొన్నాళ్లకే రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉండటం మొదలుపెట్టారు. తిండి వేసినా పైకి రావడం లేదు. నాకు భయమేసింది. ఒక్క చేపను బతికించుకోలేనిదాన్ని నా బతుకేం బతుకుతాను? ఇది పోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవడమే అని లోలోపల తేల్చేసుకున్నాను. చివరికి పిన్నికి ఫోన్ చేసి, మంచి ట్యాంకు ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

ఆదివారం పొద్దున్నే పిన్నితోపాటు బాబాయి దిగాడు, మెడలో టేపుతో.

"ముందు దొరవారు ఎలా ఉంటున్నారో చూడాలి. మీరిద్దరూ అలా తిరిగి రండి" అన్నాడు.

మేం కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి బాబాయి నేల మీద చతికిలబడి, గడ్డం బల్లకి ఆనించి, సీసా పక్కనే తలపెట్టి కూర్చుని ఉన్నాడు. కళ్లు ఆర్పడం లేదు. పిన్ని కంగారుపడి భుజం కుదిపింది.

"ఏమండీ!"

"ష్. చేపలు రెప్పవేయవు" అన్నాడు బాబాయి. తర్వాత కళ్లు నులుముకుని నావైపు తిరిగాడు. "అమ్మాయ్, ఇక్కణ్ణుంచి చూస్తే ఏం కనిపిస్తోందో తెలుసా? అటు గోడ. ఇటు నీ అద్దం. అద్దంలో తన్ను తనే చూసుకుని ఇంకో చేప అనుకుంటున్నాడు. పోట్లాడ్డానికి ఎవరూ లేక తనతో తనే పోట్లాడి అలిసిపోతున్నాడు పాపం."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. పైకి మాత్రం, "అద్దం తీసేస్తాలే బాబాయ్" అన్నాను.

"లిఫ్టు కదిలినప్పుడల్లా సీసా వణుకుతోంది. రాత్రిళ్లు కూడా తిరుగుతుందా?"

"తిరుగుతుంది."

"మంచం తలుపుకి అడ్డంగా ఎందుకేశావు?"

"ఇంకెక్కడా పట్టదు."

"ఊఁ" అని మెడలో టేపు తీసి గదంతా కొలిచాడు.

దొరవారి సీసా పట్టుకుని ముగ్గురం పెంపుడు చేపల దుకాణానికి వెళ్లాం. దుకాణదారు గుండ్రటి గాజు గిన్నె ఒకటి తెచ్చి, "ముద్దుగా ఉంటుందండీ, అందరూ ఇదే తీసుకుంటారు" అన్నాడు.

"మీరు గుండ్రటి గదిలో కాపురం చేస్తారా?"

"నేనెందుకు చేస్తానండీ?"

"మరి తీసేయండి."

తర్వాత సన్నగా, పొడుగ్గా, నిలువుగా ఉన్న ట్యాంకు వచ్చింది. చోటు తక్కువ తీసుకుంటుందన్నాడు. ఈ చేప మాటిమాటికీ పైకొచ్చి గాలి పీల్చుకుంటుందని కూడా నోరుజారి చెప్పాడు. అంతే, బాబాయి దుకాణం పక్కనున్న మెట్లెక్కి, పైన ఒక్క గుక్క గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి కిందికి దిగాడు. మళ్లీ ఎక్కాడు. మళ్లీ దిగాడు. కాసేపటికి ముఖం కందగడ్డలా అయి, కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

"నిలువుది వద్దు" అన్నాడు రొప్పుతూ. "అడ్డంగా పొడుగ్గా ఉండాలి. ఊపిరి దగ్గర్లో ఉండాలి."

ఫిల్టరు కింద మోచెయ్యి పెట్టి, "ఈ వరదలో ఎవడుంటాడయ్యా, మెల్లగా పారేది చూపించు" అన్నాడు. నీళ్లు చల్లబడకుండా హీటరు పెట్టించాడు. ప్లాస్టిక్ మొక్కలన్నిటి మీదా తన సిల్కు పీలిక జార్చాడు. ప్రతి ఆకుకీ దారం పట్టుకుంది. "ఇవి దొరవారి అంగీని చింపేస్తాయి, బతికున్న మొక్కలు ఇవ్వండి" అన్నాడు. దుకాణదారు ఆ పీలికను చేతిలోకి తీసుకుని తనూ ఒక రాయి మీద జార్చి చూసుకున్నాడు. జలుబు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఇంత హడావిడి ఒక్క చేపకాండీ?" అన్నాడు అతను. "ఇది ఒంటరి చేప. జత పెడితే కొట్టుకు చస్తాయి. ఒక్కదానికి ఎంత చోటు కావాలి?"

బాబాయి అతని చేతిలోంచి పీలిక తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ఏం చెబుతాడా అని పిన్ని కూడా ఎదురుచూసింది.

"అందరూ అక్కడే పొరపడతారండీ" అన్నాడు చివరికి. "ఒక్కడే కదా, ఎక్కడో ఓ మూల సర్దుకుంటాడులే అనుకుంటారు. ఒక్కడే ఉండటం వాడి స్వభావం. దాన్ని మనం తప్పు పట్టకూడదు. ఇరుకులో ఉండటం మాత్రం ఎవరి స్వభావమూ కాదు."

బాబాయి చెప్పిన కొలతకు గాజు పలకలు కోయించి ట్యాంకు కట్టాలి. అప్పటిదాకా దొరవారిని తన దుకాణంలోనే వెచ్చగా ఉంచుతానన్నాడు దుకాణదారు.

మళ్లీ ఆదివారం సోఫాలు మోసే వ్యానులో ట్యాంకు మా వీధిలోకి వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని మేడమీదికి ఎక్కించారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బల్ల మీద పెడితే సగం గాల్లో ఉంది. నేల మీద పెడితే తలుపు మూతపడటం లేదు. మంచం తీసేస్తే తప్ప అది గదిలో ఇమడదు.

పిన్ని నెత్తి కొట్టుకుంది. "మెళ్లో టేపు వేసుకుని తిరిగే మనిషి! గదంతా కొలిచారు కదండీ! కొలత ఎలా తప్పింది?"

"తప్పలేదే" అన్నాడు బాబాయి.

"బాబాయ్, ఇది ఈ గదిలో పట్టదు" అన్నాను.

"పట్టదు. ఆ రోజే తెలుసు."

"మరి?"

బాబాయి తీరిగ్గా నా మంచం అంచున కూర్చున్నాడు. "దొరవారి తప్పేం లేదు. ట్యాంకూ బాగానే ఉంది. ఇక మార్చాల్సింది ఏముందో నువ్వే చెప్పు."

నేను మంచాన్నీ గోడనీ తలుపునీ చూశాను. ఆయన టేపును వేలికి చుట్టుకుంటూ, నావైపు చూడకుండా చెప్పాడు. "మీ ల్యాబుకు దగ్గర్లోనే ఒక గది చూశాను. అద్దె ఈ గదికి ఎంతో దానికీ అంతే. మా ఇంటికి రమ్మనడం లేదు, భయపడకు. నువ్వొక్కదానివే ఉండు. రెండు కిటికీలున్నాయి, లిఫ్టు లేదు. కావాలంటేనే సుమా."

"ఉండి చూశారా?" అంది పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని.

"మొన్న మధ్యాహ్నమంతా పడుకుని చూశాను. ఇంటావిడ అద్దెకు దిగేది నేనే అనుకుని, గురకపెట్టేవాళ్లకు ఇవ్వనంది. నేను కాదు, మా అమ్మాయి అని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది."

నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో నేను పైకి నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే పెట్టె సర్దాను.

కొత్త గదిలో కిటికీ కింద గోడ పొడవునా ట్యాంకు చక్కగా ఇమిడింది. దుకాణం నుంచి వచ్చిన దొరవారు మొదట మొక్కల వెనక నక్కి, తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకు షికారు మొదలుపెట్టారు. కొన్నాళ్లకు నీటి మీద బుడగల గూడు కట్టారు. చేపకు ఇల్లు నచ్చితే అలా కడుతుందని దుకాణదారు చెప్పాడు. నేను వెంటనే బాబాయికి ఫోన్ చేశాను. ఆయన పని మధ్యలో వదిలేసి వచ్చి, ట్యాంకు అంచుకి గడ్డం ఆనించి ఆ బుడగలను రెప్పవేయకుండా చూశాడు.

"దొరవారి సంగతి సరే. నువ్వు ఉండి చూశావుగా. ఎలా ఉంది?"

"బాగుంది" అన్నాను. ఫోన్లో ఎన్నిసార్లో అన్న మాటే అది. ఈసారి అబద్ధం కాదని మా ఇద్దరికీ తెలుసు.

"ఏదీ, నేనూ ఓసారి చూస్తాను" అని బాబాయి నా మంచమెక్కి పడుకున్నాడు. క్షణాల్లో గురక అందుకున్నాడు.

కిందినుంచి ఇంటావిడ కేక వినిపించింది. "ఏమ్మా, మీ బాబాయిగారు వచ్చారా?"