గరగర ఉన్నన్నాళ్లు

ఏన్కూరులో మా ముందుగదిలో కిరాయికి ఉండిన రేడియో మెకానిక్‌కు రెండు కాళ్లూ పడిపోయాయి, గడప దాటలేడు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్ల ఎలక్ట్రిక్ గిటారు వాల్యూమ్ తిప్పితే గరగరమనేది. 2003లో, నా లెక్క ప్రకారం, అది పదకొండుసార్లు అతని దగ్గరికి వచ్చింది. ప్రతిసారీ లోపలి దుమ్ము పోయేలా స్ప్రే కొట్టి, పరీక్షిస్తున్నానంటూ కళ్లు మూసుకుని సాయంత్రం దాకా వాయించేవాడు.

"సొరుగుల కొత్త వాల్యూమ్ కంట్రోల్ ఉంది గదా, ఎందుకెయ్యవు?" అన్నాను.

"ఏస్తే గరగర పోతదమ్మా. ఇగ గిటార్ నా కాడికెందుకొస్తది?"

పన్నెండోసారి గిటారిస్టు, "ఇయ్యాల బాగుకాకుంటే అమ్మేస్త" అన్నాడు. మెకానిక్ ఆ మధ్యాహ్నమే వాల్యూమ్‌కూ టోన్‌కూ కొత్త కంట్రోళ్లు బిగించాడు. వాయించి చూస్తే పాట తప్ప మరో చప్పుడు లేదు.

"ఇగ నీతోని పనే పడదు భాయ్!" అని గిటారిస్టు సంబరంగా భుజం తట్టాడు.

"గంతే గదన్నా" అంటూ మెకానిక్ తీగలు తుడిచి, గిటారును రెండు చేతులా అందించాడు.